పరీక్ష ఎవరికి, శిక్ష ఎవరికి?

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో దాదాపు ఐదు కోట్ల మంది పిల్లలు చదువుకునే ప్రభుత్వ బడులను బాగుచేయడం ఎలా అన్న చర్చ నలభై ఏళ్లుగా ఏటా వసంతకాలంలో పిల్లల ముందుకు వచ్చే ఒక ప్రశ్నపత్రం చుట్టూనే తిరుగుతోంది. రాష్ట్రమంతటా ఒకే స్థాయి ప్రశ్నలు, ఒకే వ్యవధి, ఒకే మూల్యాంకన పద్ధతి అమలుచేసి, ఏ ఊళ్లో ఎవరు రాసినా మార్కులను పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి వీలుగా తయారుచేసే ఇలాంటి పరీక్షను ప్రామాణిక పరీక్ష అంటారు. పిల్లవాడి చదువును కొలవడానికి పుట్టిన ఈ సాధనంతోనే అతని టీచరు ఉద్యోగాన్నీ, బడి మనుగడనూ కూడా తేల్చవచ్చునా అన్న ప్రశ్న దగ్గర అక్కడి ఉపాధ్యాయులు ప్రభుత్వాలతో తలపడ్డారు, తల్లిదండ్రులతో చేతులు కలిపారు, తమలో తాము కూడా గట్టిగానే వాదించుకున్నారు.

ఈ వివాదం తెలుగు పాఠకులకు అర్థం కావాలంటే ముందు ఒక తేడాను గమనించాలి. ఇక్కడ పరీక్ష అనగానే గుర్తొచ్చే పదో తరగతి, ఇంటర్, ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలలో గెలుపోటముల భారమంతా రాసినవాడి నెత్తినే పడుతుంది. ర్యాంకు రాకపోతే నష్టపోయేది విద్యార్థి, లెక్చరరు కాదు. అమెరికాలో మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా జరిగే రాష్ట్రస్థాయి పరీక్షల తీరు దాదాపు ఇందుకు తలకిందులుగా ఉంటుంది. కొన్ని రాష్ట్రాలలో మూడో తరగతి చదవడం పరీక్ష వంటి మినహాయింపులు ఉన్నా, ఎక్కువ చోట్ల ఆ మార్కుల వల్ల పిల్లవాడికి ఒరిగేదీ తరిగేదీ పెద్దగా ఉండదు. బడికి మాత్రం పేరు పోవచ్చు, ప్రధానోపాధ్యాయుడు బదిలీ కావచ్చు, ఒక దశలో బడే మూతపడవచ్చు. పైగా అమెరికా రాజ్యాంగంలో విద్య ప్రస్తావనే లేదు కాబట్టి బడుల అధికారం రాష్ట్రాలదీ, వాటి కింద ఎన్నికైన బోర్డులు నడిపే సుమారు 13,000 పాఠశాల జిల్లాలదీ. నిధులలో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్నుల నుంచీ, రాష్ట్ర ఖజానా నుంచీ వస్తుంది, కేంద్ర ప్రభుత్వపు వాటా పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. ఇళ్ల ధరలు ఎక్కువగా ఉన్న చోట బడికి డబ్బు కూడా ఎక్కువే ఉంటుందన్న సంగతి ఈ చర్చ మొత్తానికీ అడుగున పారుతున్న విషయం.

పరీక్షకూ ఉపాధ్యాయుల తగాదాకూ ఉన్న బంధుత్వం నిన్నటిది కాదు. 1845లో బోస్టన్ నగర బడులలో, అంతవరకూ సాగుతున్న మౌఖిక పరీక్షలకు బదులు, అచ్చువేసిన ఒకే ప్రశ్నపత్రాన్ని ఇచ్చి రాతపూర్వకంగా సమాధానాలు రాబట్టారు. దీని వెనుక ఉన్న హొరేస్ మన్ మసాచుసెట్స్ రాష్ట్ర విద్యామండలి కార్యదర్శి. బోధన పద్ధతుల మీదా బెత్తం వాడకం మీదా బోస్టన్ మాస్టర్లతో ఆయనకు అప్పటికే బహిరంగ వివాదం నడుస్తోంది. ఫలితాలు మాస్టర్లకు తలవంపులు తెచ్చేలా వచ్చాయి. పిల్లలకు ఏం వచ్చునో తెలుసుకోవడంతో పాటు, పాఠం చెప్పేవారిని వాదనలో ఓడించడం కూడా ఆ మొదటి పరీక్ష ఉద్దేశాలలో ఉందని చరిత్ర చూస్తే తెలుస్తుంది. తరువాతి శతాబ్దంలో 1914, 15 ప్రాంతంలో కాన్సాస్ రాష్ట్రానికి చెందిన ఫ్రెడరిక్ కెల్లీ, ఒకే జవాబుపత్రానికి ఒక్కో టీచరు ఒక్కో రకంగా మార్కులు వేస్తున్నారన్న ఫిర్యాదుకు విరుగుడుగా, ఇచ్చిన జవాబులలో ఒకదాన్ని గుర్తించే పద్ధతిని తెచ్చారు; తెలుగు విద్యార్థులు బిట్ పేపరు అని పిలుచుకునే దాని పూర్వీకుడు అదే. మొదటి ప్రపంచ యుద్ధంలో పదిహేడు లక్షల మంది సైనికులకు ఇలాంటి పరీక్షలు పెట్టడంతో, లక్షల మందిని చౌకగా, త్వరగా కొలవవచ్చునన్న నమ్మకం స్థిరపడింది.

మార్కులు ప్రభుత్వ విధానంగా మారడం మాత్రం ఆలస్యంగా జరిగింది. 1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కాలంలో పేద పిల్లలున్న బడులకు కేంద్రం డబ్బు ఇచ్చే ప్రాథమిక, మాధ్యమిక విద్యా చట్టం వచ్చింది. ఆ డబ్బు ఫలితమిస్తోందా అన్న ప్రశ్న దాని వెంటే వచ్చింది. 1983లో రీగన్ ప్రభుత్వం నియమించిన సంఘం, దేశ విద్య ప్రమాదంలో పడిందని యుద్ధభాషలో రాసిన నివేదికతో ప్రజలలో కలవరం పుట్టించాక, ఒక్కో రాష్ట్రమూ పరీక్షలు పెట్టడం మొదలుపెట్టింది. అప్పుడు జరిగిన ఒక చిత్రమైన సంగతి ఈ చరిత్రలో మరవరానిది. పిల్లలను ముందుగా ఎంచిన ఒక జాతీయ నమూనాతో పోల్చి, సగటు కన్నా పైనున్నారో కిందున్నారో చెప్పే పరీక్షలను రాష్ట్రాలు కొనుక్కుని వాడేవి. జాన్ కానెల్ అనే వెస్ట్ వర్జీనియా వైద్యుడు తమ రాష్ట్రపు పిల్లలు అందరికన్నా వెనుకబడి ఉన్నట్టు తోస్తున్నా మార్కులు మాత్రం సగటు కన్నా పైన ఎలా వస్తున్నాయని సందేహించి, అన్ని రాష్ట్రాల లెక్కలూ తెప్పించుకుని 1987లో ప్రకటించిన దాని ప్రకారం, యాభై రాష్ట్రాలూ జాతీయ సగటు కన్నా పైనే ఉన్నాయి. పాత నమూనాతో పోల్చుకోవడం, అదే ప్రశ్నపత్రాన్ని ఏళ్ల తరబడి వాడటం, దానికి తగ్గట్టు పిల్లలను తయారుచేయడం కలిసి ఈ అసాధ్యాన్ని సాధ్యం చేశాయి. మార్కులు పెరగడం, చదువు పెరగడం ఒకటి కాకపోవచ్చునని ఇంత తేటగా చూపిన ఉదాహరణ తరువాత కూడా మార్కుల మీద నమ్మకం సడలకపోవడం ఆశ్చర్యమే.

నూటికి నూరు మంది

2002 జనవరి 8న అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకం చేసిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం, అంటే ఏ బిడ్డా వెనుకబడి పోరాదన్న చట్టం, రెండు పార్టీల ఉమ్మడి సృష్టి. డెమొక్రాట్లలో వామపక్షానికి దగ్గరవాడైన సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ దాని నిర్మాతలలో ఒకరు. మూడు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏటా, ఉన్నత పాఠశాలలో ఒకసారి, చదవడంలోనూ గణితంలోనూ పిల్లలందరికీ పరీక్ష పెట్టాలనీ, ఫలితాలను జాతి, పేదరికం, వైకల్యం, ఇంగ్లిష్ రాకపోవడం వంటి వర్గాల వారీగా విడదీసి ప్రకటించాలనీ, 2013-14 విద్యాసంవత్సరం నాటికి నూటికి నూరు మంది తగిన స్థాయికి చేరాలనీ అది నిర్దేశించింది. ఏ ఏటికి ఎంతమంది ఆ స్థాయిని అందుకోవాలో లక్ష్యం ఉండేది, అందులో ఒక్క వర్గం వెనుకబడినా బడి మొత్తం తప్పినట్టే లెక్క. కేంద్ర సహాయం పొందే బడి వరుసగా రెండేళ్లు తప్పితే పిల్లలు వేరే బడికి మారే హక్కు పొందేవారు, మూడో ఏడు వారికి ఉచిత ట్యూషన్ ఇప్పించాలి, ఇంకా తప్పుతూ పోతే సిబ్బందిని మార్చడం, ప్రభుత్వ ధనంతో స్వతంత్ర నిర్వాహకులు నడిపే చార్టర్ బడిగా మార్చడం వంటి చర్యలు వరుసలో ఉండేవి.

వర్గాల వారీ ఫలితాలను ప్రకటించాలన్న నిబంధన ఈ చట్టంలోని మేలి భాగమని దాని విరోధులు కూడా ఒప్పుకుంటారు. అంతకుముందు ఒక సంపన్న శివారు బడి సగటు మార్కుల వెనుక అక్కడి నల్లజాతి పిల్లల, వికలాంగుల వెనుకబాటు హాయిగా దాక్కునేది. ఇప్పుడు ఆ దాపరికం పోయింది. అందుకే తరువాతి కాలంలో పరీక్షలను తొలగించాలన్న ఉద్యమం ఊపందుకున్నప్పుడు దానికి ఎదురు నిలిచినవారిలో పౌరహక్కుల సంస్థలు ఉన్నాయి. 2015 మే నెలలో పన్నెండు సంస్థలు కలిసి, పరీక్ష మానిపించడం తమ పిల్లలకే నష్టమని ప్రకటన చేశాయి. తమ బిడ్డ వెనుకబడ్డాడని చెప్పే సాక్ష్యమే లేకపోతే నిధుల కోసం ఎవరిని, ఏమని అడగాలన్నది వారి ప్రశ్న. ఉపాధ్యాయ సంఘాలు ఈ ప్రశ్నకు ఎన్నడూ పూర్తి సమాధానం చెప్పలేదనే అనాలి.

అయితే బడి లోపల జరిగింది చట్టం ఊహించినది కాదు. సెంటర్ ఆన్ ఎడ్యుకేషన్ పాలసీ అనే సంస్థ సర్వేలో ప్రాథమిక స్థాయిలో చదవడానికీ గణితానికీ సమయం పెంచామని నూటికి 62 జిల్లాలూ, అందుకోసం సైన్సు, సాంఘికశాస్త్రం, కళలు, ఆటవిడుపు వంటివాటి సమయాన్ని కోశామని నూటికి 44 జిల్లాలూ చెప్పాయి. తగిన స్థాయి అనే గీత దాటినవారి సంఖ్య మీదే బడి భవిష్యత్తు ఆధారపడటంతో, గీతకు కొద్దిగా కింద ఉన్న పిల్లలు హఠాత్తుగా ముఖ్యులయ్యారు. ఎలాగూ దాటేవారినీ, ఎంత చేసినా ఈ ఏడు దాటనివారినీ పక్కన పెట్టి, మధ్యవారి మీద శ్రమ పెట్టిన తీరును టెక్సస్, షికాగో బడులలో పరిశోధకులు నమోదు చేశారు. ఏ బిడ్డా వెనుకబడకూడదన్న చట్టం కింద అందరికన్నా వెనుకనున్న బిడ్డకే అందవలసిన శ్రద్ధ తగ్గడం కన్నా పెద్ద ఎదురుదెబ్బ ఏముంటుంది? పైగా 'తగిన స్థాయి' అంటే ఏమిటో నిర్ణయించే అధికారం రాష్ట్రాలదే కావడంతో, కొన్ని రాష్ట్రాలు గీతనే కిందికి దించుకున్నాయి.

ఈ గీతలు ఎంత నిజమో తేల్చడానికి అమెరికాకు వేరే కొలత ఉంది. 1969 నుంచి నడుస్తున్న జాతీయ విద్యాప్రగతి మదింపు, నేప్ అనే సంక్షిప్తనామంతో ప్రసిద్ధం. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టు, దేశంలోని పిల్లలలో కొందరిని మాత్రమే ఎంచి, ఒక్కొక్కరికి ప్రశ్నలలో కొంత భాగమే ఇచ్చి, మొత్తం మీద ఒక రాష్ట్రపు స్థాయిని అది అంచనా వేస్తుంది. ఏ పిల్లవాడికీ, ఏ టీచరుకూ, ఏ బడికీ అందులో విడిగా మార్కులుండవు కాబట్టి దానికోసం ఎవరూ ప్రత్యేకంగా తయారు కారు. రాష్ట్ర పరీక్షలలో కనబడిన ఎగబాకుడు చాలాచోట్ల నేప్‌లో కనబడలేదు. థామస్ డీ, బ్రయన్ జేకబ్ అనే ఆర్థికవేత్తలు 2011లో ప్రకటించిన పరిశోధన, నాలుగో తరగతి గణితంలో ఆ చట్టం వల్ల నిజమైన మెరుగుదల వచ్చిందనీ, చదవడంలో రాలేదనీ తేల్చింది. చట్టం పూర్తిగా విఫలమైందనే టీచర్లకూ, గొప్పగా పనిచేసిందనే రాజకీయ నాయకులకూ ఇది సమానంగా ఇబ్బంది కలిగించే ఫలితం. 2011 వచ్చేసరికి నూటికి 82 బడులు లక్ష్యం తప్పవచ్చునని విద్యాశాఖ కార్యదర్శి ఆర్న్ డంకన్ హెచ్చరించారు. చివరికి తప్పినవి దాదాపు సగం. సగం బడులు తప్పాయని చెప్పే కొలత వల్ల ఏ బడికి సాయం కావాలో తెలియదు.

టీచరుకు మార్కులు వేసే లెక్క

ఒబామా ప్రభుత్వం 2009లో 435 కోట్ల డాలర్లతో 'రేస్ టు ద టాప్' అనే పోటీ పెట్టి, ఉపాధ్యాయుల మదింపులో విద్యార్థుల ప్రగతిని కలిపే రాష్ట్రాలకు మొగ్గు చూపడంతో వివాదం బడి స్థాయి నుంచి వ్యక్తి స్థాయికి దిగింది. దీనికి ఆధారం 'వాల్యూ యాడెడ్' అనే గణాంక పద్ధతి, అంటే టీచరు కలిపిన విలువను లెక్కగట్టడం. వ్యవసాయ, పశు పరిశోధనలకు గణాంకాలు కట్టిన విలియం శాండర్స్ టెన్నెసీ విశ్వవిద్యాలయంలో దీన్ని రూపొందించగా, ఆ రాష్ట్రం 1992లోనే చట్టంలోకి తెచ్చింది. పిల్లవాడి పాత మార్కులను బట్టి ఈ ఏడు ఎన్ని రావాలో ముందు అంచనా వేసి, నిజంగా వచ్చినవి అంతకన్నా ఎంత ఎక్కువో తక్కువో చూసి, తరగతి మొత్తం మీద ఆ తేడా సగటును టీచరు ఖాతాలో వేస్తారు. వినడానికి న్యాయంగానే ఉంది: మురికివాడ బడిలో పాఠం చెప్పే టీచరును సంపన్నుల బడి టీచరుతో నేరుగా పోల్చకుండా, ఎక్కడ మొదలుపెట్టిన పిల్లవాడిని ఎక్కడిదాకా తీసుకెళ్లారన్నది చూస్తుంది కదా.

చిక్కంతా పాతికమంది పిల్లల తరగతి మీద ఈ లెక్క ఎంత నిలకడగా ఉంటుందన్నది. పరీక్షనాడు ఇద్దరు పిల్లలకు జ్వరం వచ్చినా, ఏడాది మధ్యలో నలుగురు ఇల్లు మారినా సగటు ఊగిపోతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక ప్రాథమిక ఉపాధ్యాయురాలికి ఒక ఏడు 20కి 14 మార్కులు వచ్చి, మరుసటి ఏడు, పిల్లల మార్కులు రాష్ట్ర సగటు కన్నా చాలా పైనే ఉన్నా, 20కి ఒక్కటి వచ్చింది. పిల్లలు ముందే పైస్థాయిలో ఉంటే ఇంకా పైకి చూపడానికి ప్రశ్నపత్రంలో చోటే ఉండదన్నది ఆమె వాదన. ఆ మార్కు నిర్హేతుకమని 2016లో న్యాయస్థానం కొట్టివేసింది. ఫ్లోరిడాలో చిక్కు ఇంకా వింతైనది. పరీక్షలు రెండు మూడు సబ్జెక్టులలోనే, కొన్ని తరగతులకే ఉండటంతో, పరీక్ష లేని తరగతుల టీచర్లకు తాము పాఠమే చెప్పని పిల్లల మార్కులను అంటగట్టారు. టీచర్లు కోర్టుకెక్కితే, ఈ పద్ధతి అన్యాయంగానే ఉందని అంగీకరిస్తూనే రాజ్యాంగ విరుద్ధం మాత్రం కాదని 2014లో ఫెడరల్ న్యాయమూర్తి తీర్పు చెప్పారు.

అదే ఏడు అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్, అంటే గణాంకవేత్తల సొంత సంఘమే, జాగ్రత్త అవసరమని ప్రకటన చేసింది. పిల్లల మార్కులలో కనబడే తేడాలలో టీచర్ల వల్ల వచ్చేది నూటికి ఒకటి నుంచి 14 వంతులేననీ, మిగతాదంతా ఇల్లు, పాఠ్యప్రణాళిక, తోటివారు, వనరులు వంటి వాటివల్లనేననీ చాలా అధ్యయనాలు చెబుతున్నాయని అందులో రాసింది. దీన్ని పట్టుకుని టీచరు ప్రభావమే లేదని వాదించడం కూడా సరికాదు. రాజ్ చెట్టి, జాన్ ఫ్రీడ్‌మన్, జోనా రాకాఫ్ ఇరవై అయిదు లక్షల మంది పిల్లల బడి రికార్డులను వారు పెద్దయ్యాక కట్టిన పన్నుల రికార్డులతో కలిపి చూసినప్పుడు, ఈ లెక్కలో మంచివారిగా తేలిన టీచర్ల దగ్గర చదివినవారు కాలేజీకి వెళ్లే అవకాశమూ, సంపాదనా ఎక్కువగా ఉన్నాయి. లక్షల మందిని కలిపి చూస్తే టీచరు విలువ లెక్కలో కనబడుతుంది. ఒక్క టీచరును ఒక్క ఏడాది లెక్కతో ఉద్యోగం నుంచి తీసేస్తే ఆ లెక్క తప్పడానికి అవకాశం ఎక్కువ. ఈ రెండూ ఒకేసారి నిజం కావడమే వాదనను ఇంత జటిలం చేసింది. 2010లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక సుమారు ఆరువేల మంది ప్రాథమిక టీచర్లకు తానే లెక్కగట్టి పేర్లతో సహా ప్రచురించాక, పరిశోధకులు వేరే గణిత నమూనాతో తిరగేసి చూస్తే చాలామంది స్థానాలు మారిపోయాయి. పేరు మాత్రం పత్రికలో పడిపోయింది.

మార్కుల ఒత్తిడి ఎక్కడిదాకా తీసుకుపోగలదో అట్లాంటా నగరంలో కనబడింది. 2009 పరీక్షల జవాబుపత్రాలలో తప్పు జవాబులు చెరిపి ఒప్పు జవాబులు దిద్దిన గుర్తులు అసాధారణంగా కనబడగా, 2011లో రాష్ట్ర దర్యాప్తు 44 బడులలో 178 మంది విద్యా ఉద్యోగుల పాత్ర ఉందని తేల్చింది. 2015లో పదకొండు మందికి వ్యవస్థీకృత నేరాల చట్టం కింద శిక్ష పడింది. ఒక సూచికకు ఎంత ఎక్కువ ఫలితాన్ని ముడిపెడితే అది అంత ఎక్కువగా చెడిపోతుందని సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1970లలోనే హెచ్చరించారు.

కాదన్న టీచర్లు

2013 జనవరిలో సియాటిల్ నగరంలోని గార్ఫీల్డ్ హైస్కూల్ టీచర్లు మ్యాప్ అనే పరీక్షను తమ పిల్లలకు పెట్టబోమని ప్రకటించారు. అది రాష్ట్రపు పరీక్ష కాదు. జిల్లా కొనుక్కుని ఏడాదికి రెండు మూడుసార్లు కంప్యూటర్ మీద పెట్టించే పరీక్ష, పిల్లవాడి జవాబును బట్టి తరువాతి ప్రశ్న కష్టమో తేలికో అవుతుంది. టీచర్లు పరీక్షలన్నిటినీ తిట్టలేదు. ఈ పరీక్ష తాము చెప్పే పాఠాలతో పొంతన లేనిదనీ, హైస్కూల్ స్థాయిలో ఒక ఏడాదిలో ఆశించే ప్రగతి కన్నా దాని లెక్కలో ఉండే పొరపాటు పరిధే పెద్దదనీ, వారాల తరబడి కంప్యూటర్ గదులను అది ఆక్రమించడంతో వ్యాసాలు రాసుకునే పిల్లలకు చోటు లేకుండా పోతోందనీ చెప్పారు. పది రోజులు జీతం లేకుండా సస్పెండ్ చేస్తామని అధికారులు బెదిరించినా తల్లిదండ్రులూ విద్యార్థులూ వారి పక్షాన నిలిచారు, మే నెలలో హైస్కూళ్లకు ఆ పరీక్ష ఐచ్ఛికమని జిల్లా ప్రకటించింది. ఈ ఉద్యమం గెలవడానికి కారణం దాని నిర్దిష్టతే. పరీక్షే వద్దన్న నినాదం కన్నా, ఈ పరీక్ష ఈ పనికి పనికిరాదన్న వాదన ఎదుటివారికి జవాబు దొరకనివ్వలేదు.

గార్ఫీల్డ్ టీచర్ల ప్రకటనకు నాలుగు నెలల ముందు షికాగోలో కారెన్ లూయిస్ నాయకత్వాన పాతిక వేలకు పైగా టీచర్లు ఏడు బడిరోజులు సమ్మె చేశారు. మేయర్ రామ్ ఇమాన్యుయెల్‌తో ఉన్న తగాదాలలో టీచరు మదింపులో మార్కుల వాటా ఒకటి, అది చివరికి రాష్ట్ర చట్టం విధించిన కనీస స్థాయికి, అంటే 30 శాతానికి పరిమితమైంది. మరుసటి ఏడు నగరం యాభై దాకా బడులను మూసేసింది. న్యూయార్క్ రాష్ట్రంలో 2015లో అర్హులైన పిల్లలలో అయిదో వంతు, దాదాపు రెండు లక్షల మంది, తల్లిదండ్రుల నిర్ణయంతో పరీక్షకు కూర్చోలేదు. ఆ ఏడాది చివర టీచరు మదింపులో రాష్ట్ర పరీక్షల వాడకాన్ని నాలుగేళ్లు ఆపేశారు.

ఉపాధ్యాయులందరిదీ ఒకే గొంతు అనుకోవడం పొరపాటు. అతి పెద్ద సంఘమైన నేషనల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్ 2005లో కొన్ని జిల్లాలతో కలిసి నో చైల్డ్ చట్టం మీద దావా వేసింది. రెండో పెద్ద సంఘమైన అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ టీచర్స్‌ను ఏళ్లపాటు నడిపిన ఆల్బర్ట్ షాంకర్ మాత్రం దేశమంతటికీ ఉన్నత ప్రమాణాలు కావాలని వాదించినవాడు. చార్టర్ బడి ఆలోచనను 1988లో ప్రచారంలోకి తెచ్చినవారిలో ఒకడై, అది ప్రైవేటు నిర్వాహకుల చేతికి పోతోందని తరువాత తానే విమర్శించాడు. 2010లో న్యూయార్క్‌లో ఇద్దరు యువ టీచర్లు మొదలుపెట్టిన ఎడ్యుకేటర్స్ ఫర్ ఎక్సలెన్స్ మదింపులో పిల్లల ప్రగతి కూడా ఉండాలని సంఘాలతో విభేదించింది. మరోవైపు చరిత్రకారిణి డయాన్ రావిచ్, తొలి బుష్ ప్రభుత్వంలో విద్యాశాఖ సహాయ కార్యదర్శిగా పనిచేసి పరీక్షలనూ ప్రమాణాలనూ సమర్థించిన మనిషి, 2010లో ప్రచురించిన పుస్తకంలో ఆ నమ్మకాన్ని వదులుకుంటున్నట్టు రాసి సంస్కరణ విరోధులకు గొంతుగా మారారు.

ఆంధ్రలో చేసిన ప్రయోగం

ఫలితాన్ని బట్టి డబ్బు అన్న ఆలోచన తెలుగు నేలకు అమెరికా కన్నా ముందే తెలుసు. ఇంగ్లండులో రాబర్ట్ లో 1862లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఇన్‌స్పెక్టర్ వచ్చి పరీక్షించినప్పుడు పిల్లవాడు చదవడం, రాయడం, లెక్కలలో తప్పినకొద్దీ బడికి వచ్చే గ్రాంటు తగ్గేది. స్వయంగా బడుల ఇన్‌స్పెక్టరైన కవి మాథ్యూ ఆర్నాల్డ్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలున్న మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి నడిచింది.

శతాబ్దం దాటాక, 2005లో మొదలైన ఒక ప్రయోగం ఇదే ప్రశ్నను ఆంధ్రప్రదేశ్ పల్లెలకు తెచ్చింది. కార్తిక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచబ్యాంకు సహకారంతో మూడు వందల ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను లాటరీ పద్ధతిలో మూడుగా విభజించారు: వందింటిలో బడి మొత్తానికీ, మరో వందింటిలో ఒక్కో టీచరుకూ పిల్లల మార్కుల పెరుగుదలను బట్టి బోనస్, మిగిలిన వందలో ఏమీ లేదు. సగటు బోనస్ ఏడాది జీతంలో నూటికి మూడు వంతులే. రెండేళ్ల తరువాత బోనస్ ఉన్న బడుల పిల్లలు గణితంలోనూ భాషలోనూ గుర్తించదగినంత ముందున్నారు; యాంత్రికమైన ప్రశ్నలలోనే కాక భావన అర్థమైతే తప్ప రాయలేని ప్రశ్నలలోనూ, బోనస్ లెక్కలో లేని సైన్సు, సాంఘికశాస్త్రాలలోనూ ముందున్నారు. టీచర్ల గైర్హాజరు మాత్రం తగ్గలేదు. బడికి వచ్చిన రోజున వారు ఎక్కువ పాఠం చెప్పారు, అదనపు తరగతులు పెట్టారు, అభ్యాస పరీక్షలు రాయించారు.

అమెరికాలో ఇదే ఊహ నిలవలేదు. నాష్‌విల్లో 2006 నుంచి మూడేళ్లు గణితం టీచర్లకు 15,000 డాలర్ల దాకా బోనస్ పెట్టినా మొత్తం మీద పిల్లల మార్కులలో తేడా రాలేదు. న్యూయార్క్ నగరం 2007లో బడులకు ప్రకటించిన బోనస్ పథకం కూడా ఫలితం లేక ఆగిపోయింది. ఆంధ్రలో బోనస్ వచ్చినా రాకపోయినా ఎవరి ఉద్యోగమూ పోలేదు, పరీక్షను బయటివారే పెట్టారు, గీత దాటినవారిని కాక ప్రతి పిల్లవాడి పెరుగుదలనూ లెక్కించారు, అన్నిటికన్నా ముఖ్యంగా అప్పటిదాకా ఏ ఒత్తిడీ లేని చోట చిన్న ప్రోత్సాహం కలిగించారు. న్యూయార్క్ టీచరు అప్పటికే బడి మూతపడుతుందన్న భయంతో చేయగలిగినదంతా చేస్తున్నాడు. మార్కులు ఏమీ చెప్పవన్న టీచర్ల వాదనను ఆంధ్ర ఫలితం పడగొడుతుంది. మార్కులు ఎక్కడైనా ఒకేలా పనిచేస్తాయన్న సంస్కర్తల వాదనను నాష్‌విల్ పడగొడుతుంది.

మళ్లీ అమెరికా చట్టం సంగతికి వస్తే, 2015 డిసెంబరులో ఒబామా సంతకం చేసిన 'ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్' చట్టం, అంటే ప్రతి విద్యార్థీ నెగ్గాలన్న చట్టం, ఏటేటా పరీక్షనూ వర్గాల వారీ ఫలితాలనూ ఉంచి, శిక్షల నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలేసింది, టీచరు మదింపులో మార్కులు కలపాలన్న కేంద్ర ఒత్తిడిని తీసేసింది. రెండు వైపులా ఏడుపు మిగిల్చిన ఈ రాజీ ఇప్పటికీ అమలులో ఉంది. కోవిడ్ వచ్చిన 2020 వసంతంలో దేశమంతటా పరీక్షలు ఆగాయి, 2022 నేప్ ఫలితాలలో గణితం మున్నెన్నడూ లేనంతగా పడిపోయింది. కొలత ఆగితే చదువు బాగుపడుతుందన్న మాట గానీ, కొలిస్తే చాలు బాగుపడుతుందన్న మాట గానీ ఆ రెండేళ్ల అనుభవం నుంచి ఎవరూ రాబట్టలేరు. ఈలోగా ఇల్లు కొనేముందు మార్కుల ఆధారంగా తయారైన బడి రేటింగు చూసుకునే అలవాటు, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలతో సహా, తల్లిదండ్రులలో చెక్కుచెదరకుండా ఉంది. చట్టం శిక్షను సడలించినా ఇళ్ల బజారు సడలించలేదు.

ఇటీవలి పెద్ద మలుపు మసాచుసెట్స్‌లో వచ్చింది. 1993 సంస్కరణ చట్టం అక్కడి బడులకు రాష్ట్ర నిధులను బాగా పెంచి, బదులుగా పదో తరగతిలో ఎమ్‌కాస్ అనే పరీక్ష నెగ్గితేనే హైస్కూల్ డిప్లొమా అన్న షరతు పెట్టింది, నేప్‌లో ఆ రాష్ట్రం చాలా ఏళ్లు దేశంలో ముందు వరుసలో నిలిచింది. పరీక్ష వల్ల నిలిచిందా, డబ్బు వల్ల నిలిచిందా అన్నది ఎవరికి వారు తమకు నచ్చినట్టు చెప్పుకునే సంగతి. ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలూ, వైకల్యం ఉన్నవారూ ఈ షరతు వల్లనే డిప్లొమాకు దూరమవుతున్నారని వాదించి, రాష్ట్ర ఉపాధ్యాయ సంఘం దాన్ని ప్రజాభిప్రాయానికి తెచ్చింది. గవర్నర్ మౌరా హీలీ వద్దన్నా 2024 నవంబరు ఓటింగులో నూటికి 59 మంది దాకా ఆ షరతును తీసేయాలని ఓటు వేశారు. పరీక్ష పోలేదు, కేంద్ర చట్టం ప్రకారం పదో తరగతి పిల్లలు దాన్ని రాస్తూనే ఉన్నారు. డిప్లొమాకు అర్హులెవరో ధ్రువీకరించే పని మాత్రం జిల్లాల చేతికి వచ్చింది, ఒక జిల్లా ధ్రువీకరణ ఇంకో జిల్లా ధ్రువీకరణతో సరితూగుతోందో లేదో చెప్పగల ఉమ్మడి కొలత ఏదన్నది ఆ రాష్ట్రంలో మళ్లీ చర్చకు వచ్చింది.